రెండో అంతస్తులో ఆర్థిక వ్యవస్థ

జూన్ 9

బీపీ చూసిన డాక్టరు, మనసులో ఉన్నదంతా ఎక్కడో ఒకచోట కక్కెయ్యమన్నాడు. ఇంట్లో కక్కితే అత్తగారు వింటారు. కాలేజీలో కక్కితే కామర్స్ ఆయన వింటాడు. అందుకని ఈ డైరీ.

ఈరోజు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు.

"మీ ఎకనామిక్స్‌లో ఇప్పుడు పిల్లలెంతమందండీ?"

చెప్పాను.

"ఒక్క ఏడాదివాళ్ళు కాదండీ, మొత్తం అందరూ కలిపి అడుగుతున్నాను."

"మొత్తమేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆగస్టులో తనిఖీ కమిటీ వస్తుందట. ఆ రోజు ప్రతి విభాగమూ ఏదో ఒక ప్రదర్శన పెట్టాలట. మాది కమిటీకి నచ్చకపోతే ఎకనామిక్స్‌ని తీసుకెళ్ళి కామర్స్‌లో కలిపేస్తారట. అప్పుడు నాకు టైంటేబుల్ వేసేది కామర్స్ ఆయన. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నేను ఆఫీసు నిర్వహణ పాఠం చెప్పుకోవాలి. ఫైలుకి తాడు ఎలా కట్టాలి, కవరు మీద చిరునామా ఎక్కడ రాయాలి, ఇలాంటివి.

నాకేం బాధ లేదు. ఎవరి కింద పనిచేస్తేనేం? మధ్యాహ్నం భోజనం సహించలేదు, అది ఎండవల్ల.

జూన్ 10

ఎండ.

జూన్ 12

పాఠం మధ్యలో ఆలోచన తట్టింది.

డబ్బు గురించి మనుషులు మొదటిసారి ఎలా ఆలోచించారన్నది పాతికేళ్ళుగా చెబుతున్నాను. పూర్వం రాజులు, బంగారం పోగైతే దేశం బాగుపడినట్టే అనుకున్నారు. తర్వాత ఒకాయన వచ్చి, సరుకు పెరక్కుండా బంగారం ఒక్కటే పెరిగితే పెరిగేవి ధరలే కదా అన్నాడు. ఇంకొకాయన వృత్తిరీత్యా వైద్యుడు. ఒంట్లో రక్తం తిరిగినట్టు దేశంలో సంపద తిరుగుతుందని గీతలు గీసి చూపించాడు. చాలాకాలానికి, పనుల్లేక జనం వీధిన పడ్డ రోజుల్లో, మరొకాయన అన్నాడు కదా: ఒకడి ఖర్చే ఇంకొకడి ఆదాయం, కాబట్టి అందరూ ఒకేసారి పొదుపు మొదలుపెడితే అందరూ కలిసి పేదవాళ్ళవుతారు!

ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. ఈరోజు ముందు బెంచీలో అమ్మాయి నిద్రలోనే తలూపింది.

డబ్బు ప్రవహిస్తుందని నోటితో ఎన్నాళ్ళు చెప్పను? నీళ్ళతో చూపిస్తే? విదేశంలో ఎవరో ఎప్పుడో అలాంటి యంత్రం చేశారు, పాత పుస్తకంలో ఫోటో కూడా ఉంది. వాళ్ళు చెయ్యగాలేనిది నేను చెయ్యలేనా?

జూన్ 16

సామాను వచ్చింది. సోఫా బాల్కనీలోకి వెళ్ళింది. టీవీ వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు మాత్రం తన కుర్చీతో సహా ఎక్కడికీ వెళ్ళనన్నారు.

జూన్ 23

యంత్రం నిలబడింది. అన్నిటికన్నా పైన ఒక డ్రమ్ము, దానిమీద 'ఆదాయం' అని రాశాను. అందులోంచి రెండు గొట్టాలు. ఒకటి 'ఖర్చు', తిన్నగా కిందికి దిగుతుంది. రెండోది పక్కనున్న 'పొదుపు' డ్రమ్ములోకి వెళుతుంది. పొదుపు డ్రమ్ముకి కుళాయి. బ్యాంకు అప్పులిచ్చినట్టు ఆ కుళాయి తిప్పితే పొదుపు కాస్తా 'పెట్టుబడి'గా మారి కిందికొస్తుంది. ఖర్చూ పెట్టుబడీ అడుగున ఉన్న తొట్టిలో కలుస్తాయి. అక్కణ్ణుంచి మోటారు ఆ నీళ్ళను మళ్ళీ ఆదాయంలోకి ఎక్కిస్తుంది. స్పష్టంగా కనబడాలని నీళ్ళలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపాను.

పొదుపు డ్రమ్ము అత్తగారిది. మంచి స్టీలు. అడిగే తీసుకున్నాను. అంటే, తీసుకుని అడిగాను.

మా ఆవిడ కంటి ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కౌంటర్లో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమిటండీ ఇది?"

"ఆర్థిక వ్యవస్థ."

"మనింట్లో కుళాయి వచ్చేదే పొద్దున ఓ గంట. ఆ నీళ్ళతో మీరు దేశాన్ని నడుపుతారా?"

"మొదట చిన్న దేశం."

ఆమె లోపలికెళ్ళింది. కోపమేమీ లేదు. తలుపు అంత గట్టిగా పడింది గాలివల్ల.

జూన్ 29

తిరిగింది! ఆదాయం ఖర్చులోకి, ఖర్చు అడుగుకి, అడుగు మళ్ళీ ఆదాయానికి. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. అత్తగారు కుర్చీలోంచే, "మోటారు చప్పుడు బాగుంది అల్లుడుగారూ, నిద్ర పడుతోంది," అన్నారు. నా పాఠానికీ యంత్రానికీ ఫలితం ఒక్కటే అయినందుకు కాస్త బెంగపడ్డాను.

జూలై 2

వింత. నీళ్ళు తగ్గుతున్నాయి. పొద్దున గీత పెట్టి వెళితే సాయంత్రానికి గీత కిందికి వస్తున్నాయి. నేలమీద చుక్క తడి లేదు. గొట్టాలన్నీ తడిమి చూశాను. ఎక్కడా కారడం లేదు.

జూలై 4

రహస్యం దొరికిందనుకుంటున్నాను. డబ్బు చలామణీలోంచి మాయమవడం గురించి పెద్దలు రాసినదంతా మళ్ళీ చదివాను. జనం భయంతో డబ్బు మూట కట్టి దాచేస్తారు. ఆ మూట ఎక్కడుందో ఎవరికీ తెలియదు, కానీ బజారు వెలవెలపోతుంది. నా యంత్రం కేవలం బొమ్మ కాదు, తనంతట తాను నిజమైన ఆర్థిక వ్యవస్థలా ప్రవర్తిస్తోంది! దీనిమీద నాలుగు పేజీల వ్యాసం మొదలుపెట్టాను.

జూలై 6

వ్యాసం ఆపేశాను. బాల్కనీలో పూలకుండీల చుట్టూ నీలి మరకలున్నాయి.

"అత్తయ్యగారూ, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చి పోశారు?"

"నా డ్రమ్ములోంచే."

"అది యంత్రం అత్తయ్యగారూ!"

"పొదుపు అని మీరే కదా రాశారు. పొదుపు చేసేది అవసరానికి వాడుకోవడానికి కాదూ? మొక్కలు ఎండిపోతున్నాయి, వాడాను."

నీళ్ళు నమిలాను. తర్వాత కాస్త గట్టిగానే చెప్పాను, ఈ యంత్రంలో దేన్నీ, ఏ కుళాయినీ, ఏం జరిగినా సరే, ముట్టుకోవద్దని. ఆవిడ ముఖం ముడుచుకుని, "ముట్టుకోను," అన్నారు.

మా ఆవిడ అంతా విని, "మా అమ్మని కసిరారా?" అంది.

కసరలేదు. గొంతు గరగరగా ఉండి అలా వినిపించింది.

జూలై 9

ఈరోజు జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా డాక్టరు కక్కమన్నాడు.

పొద్దున కుళాయి వచ్చింది. ఆదాయం డ్రమ్ములోకి రబ్బరు గొట్టం పెట్టి, నిండాక కట్టేద్దామనుకున్నాను. ఇంతలో కాలేజీ నుంచి ఫోను. కామర్స్ ఆయన స్టాఫ్ రూములో నా బీరువా కొలతలు తీసుకుంటున్నాడట. గొట్టం సంగతి మరిచిపోయి పరుగెత్తాను. తీరా చూస్తే అతను కొలుస్తున్నది తన బీరువానే, నా దాని పక్కన పడుతుందో లేదోనని. రెండూ ఒకటే అర్థం.

ఇంటికొచ్చేసరికి మెట్లమీద ఓనర్‌గారు ఎదురయ్యారు. మా కింది అంతస్తులో ఒక్కరే ఉంటారు. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. బట్టతల. ఆ బట్టతల నీలంగా మెరుస్తోంది. బనీను నీలం. ఒక చెవి నీలం.

"మాస్టారూ," అన్నారు చాలా నెమ్మదిగా. "టిఫిను చేసి కాస్త నడుం వాల్చాను. పైకప్పు నుంచి ఇది పడింది. ఏంటిది?"

ఏం చెప్పాలో తోచక నిజం చెప్పాను. "ద్రవ్యోల్బణమండీ."

"ఏంటీ?"

"అవసరానికి మించి డబ్బు వదిలితే వచ్చేది."

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి," అన్నారాయన.

పైకి పరుగెత్తాను. హాలు చెరువైంది. మధ్యలో అత్తగారు కాళ్ళు కుర్చీమీదికి ముడుచుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, రబ్బరు గొట్టం తగిలించిన కుళాయి.

"అత్తయ్యగారూ! కట్టెయ్యకూడదా?"

"ముట్టుకోవద్దన్నారు కదా అల్లుడుగారూ. ఏం జరిగినా సరే అన్నారు."

జూలై 10

మా ఆవిడ ఆసుపత్రికి సెలవు పెట్టి రోజంతా నాతో పాటు నేల తుడిచింది. చివరికి గుడ్డ పిండుతూ అంది: "ఈ హాల్లో నేను కాళ్ళు చాపుకుని కూర్చుని ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు? ఇప్పుడు హాలే లేకుండా పోతోంది."

ఆమెకు కోపం లేదు. కోపమైతే బాగుండేది.

జూలై 11

ఓనర్‌గారు నష్టం చూడ్డానికి పైకి వచ్చారు. ఒక చెవి ఇంకా నీలంగానే ఉంది, ఎంత తోమినా పోలేదట. యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"నడిపి చూపించండి. దేనికి నా పరుపు పోయిందో తెలియాలి కదా."

నడిపాను. ఆయన కళ్ళు పెట్టుబడి కుళాయి దగ్గర ఆగిపోయాయి.

"ఇదేంటి?"

"అప్పులిచ్చే కుళాయండీ. వడ్డీ తగ్గిస్తే ఎక్కువ తెరుచుకుంటుంది."

"ఇంత బార్లా తెరిచి పెట్టారేంటండీ? ఎవరు తీసుకుంటున్నారో, తిరిగి కడతారో కట్టరో, ఏమైనా విచారించారా?" అంటూ సగం కట్టేశారు. "ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేశాను. అప్పు అడగడానికి వచ్చినవాడి నడక చూసి చెప్పేవాణ్ణి, ఇవ్వాలో వద్దో."

"ఎంతమందికి ఇచ్చారండీ?"

"ఇవ్వలేదు," అన్నారు గర్వంగా.

జూలై 12

మళ్ళీ వచ్చారు.

జూలై 13

వచ్చారు. సొంత కుర్చీ తెచ్చుకున్నారు.

జూలై 18

రోజూ సాయంత్రం ఓనర్‌గారు అత్తగారి పక్కన కుర్చీ వేసుకుంటారు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతారు. "ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను, గుర్తుంది కదా," అని ఒకసారి అని, పనిలోకి దిగుతారు. కుళాయి ఆయన చేతిలో. ఆయన ఉన్నంతసేపూ నేను యంత్రం దగ్గరికి పోవడానికి లేదు.

ఈరోజు పెద్ద యుద్ధం జరిగింది. ఆయన కుళాయి పూర్తిగా బిగించేశారు. పొదుపు డ్రమ్ము పొంగుకొస్తోంది.

"చూశారా! ఎంత నిండిందో! ఇదండీ దేశమంటే!"

"పైన చూడండి సార్."

పైన ఆదాయం డ్రమ్ము అడుగంటింది. ఖర్చు గొట్టం బొట్టుబొట్టుగా కారుతోంది. అడుగు తొట్టిలో నీళ్ళు లేక మోటారు ఆయాసంగా అరిచింది.

"అందరూ దాచుకుంటే ఖర్చెవరు పెడతారండీ? ఖర్చు లేకపోతే ఇంకొకడికి ఆదాయం ఎక్కణ్ణుంచొస్తుంది? ఆదాయం లేకపోతే మీ పొదుపు మాత్రం ఎన్నాళ్ళుంటుంది?" అని అరిచాను. పాతికేళ్ళ పాఠం ఒక్క ఊపిరిలో చెప్పాను. జీవితంలో మొదటిసారి నా పాఠం విని ఒక మనిషి నిద్రపోలేదు, కొట్టడానికి లేచాడు.

"మీలాంటివాళ్ళకి అప్పులిస్తేనే బ్యాంకులు మునిగేది!"

"మీలాంటివాళ్ళు ఇవ్వకపోతేనే ఊళ్ళు మునిగేది!"

అత్తగారు ఓనర్‌గారి పక్షం. డ్రమ్ము తనది కాబట్టి నిండుగా ఉంటేనే అందమట.

వెళుతూ వెళుతూ ఆయన గుమ్మం దగ్గర ఆగి, ఖాళీ సంగతి ఎత్తకుండా, "రేపు ఒక పావువంతు తెరుద్దాం. అంతకన్నా తెరవను," అన్నారు.

జూలై 31

నెలాఖరు. ఆయన టీ తాగారు. ఖాళీ మాట అనలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆగస్టు 7

రేపే కమిటీ. యంత్రాన్ని విప్పి ట్రాలీ ఆటోలో కాలేజీకి చేర్చాను. కామర్స్ వాళ్ళు నమూనా బ్యాంకు పెట్టారు. టైలు కట్టుకున్న పిల్లలు, గాజు కౌంటరు, లోపల ఏసీ కూడా. నాకు అసూయ లేదు. ఆ ఏసీ సరిగ్గా చల్లబడదని మాత్రం నాకు తెలుసు, రెండుసార్లు లోపలికెళ్ళి చూశాను.

ఆగస్టు 8

ఈరోజంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ఆవిడ సెలవు పెట్టి వచ్చింది. "మీకోసం కాదు, అమ్మ డ్రమ్ము సొట్ట పోకుండా చూసుకోవాలి," అంది. ఓనర్‌గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుళాయి పక్కన నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు ఆయన్ని కమిటీ సభ్యుడనుకుని దండ వేశారు. ఆయన తియ్యలేదు.

అసలు కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దాయన చేతికర్ర పట్టుకుని ఉన్నారు. నేను మోటారు వేశాను. నీలి నీళ్ళు పైకి ఎక్కాయి, విడిపోయాయి, దిగాయి, కలిశాయి. పెద్దాయన "భలే!" అన్నారు. నా గుండె చెంగున ఎగిరింది.

కరెంటు పోయింది.

మోటారు ఆగింది. పైనుంచి నీళ్ళన్నీ మెల్లగా దిగిపోయి అడుగు తొట్టిలో పడుకున్నాయి. గొట్టాలు ఖాళీ. ఎకనామిక్స్ విభాగానికి నీళ్ళొదులుకున్నాను.

"ఏమైంది?" అన్నారు పెద్దాయన.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మాంద్యమండీ. సరుకుంది, మనుషులున్నారు, డబ్బు కూడా ఎక్కడికీ పోలేదు, ఇదిగో అడుగునే ఉంది. తిరగడం మానేసింది, అంతే."

"మరి దానంతటదే తిరగదా?"

"కొందరు పెద్దలు కాసేపు ఆగితే తిరుగుతుందన్నారండీ. ఇంకొకాయన, అన్నాళ్ళు ఆగితే ఆగినవాళ్ళు మిగలరు, ఎవరో ఒకరు పూనుకుని పైన పొయ్యాలన్నాడు."

"ఎవరు పోస్తారు?"

నేను ఆ ప్రశ్నకి పాఠం మొదలుపెట్టబోతున్నాను. ఇంతలో మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, అడుగు తొట్టిలో బకెట్టు ముంచి, స్టూలెక్కి, ఆదాయం డ్రమ్ములో కుమ్మరించింది. గొట్టాల్లో నీలం కదిలింది. "చూస్తారేంటండీ, రెండో బకెట్టు అందించండి!" అంది. నాతో కాదు, ఓనర్‌గారితో. ముప్పై ఏళ్ళు ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వని మనిషి దండతో సహా వంగి బకెట్టు నింపి అందించారు. ఇంకో చేత్తో, ఎవరూ అడక్కుండానే, కుళాయి పూర్తిగా తెరిచేశారు.

మూడో బకెట్టు ఎవరందించారో చూస్తే, కామర్స్ ఆయన. ఏసీ ఆగిపోయి తన బ్యాంకులో ఉక్కపోస్తోందట, బయటికొచ్చాడు. టై భుజం మీదికి వేసుకుని నీళ్ళు మోస్తున్నాడు. తర్వాత ప్రిన్సిపాల్ గారు. తర్వాత కమిటీలో చిన్నాయన. ఆయన బూట్లు నీలమయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు వచ్చేదాకా ఆర్థిక వ్యవస్థ ఆగలేదు.

నేనొక్కణ్ణే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఒకరు వివరించాలి కదా.

ఆగస్టు 20

కమిటీ నివేదిక వచ్చింది. ప్రిన్సిపాల్ గారు పైకి చదివి వినిపించారు. "నీటి పీడనాన్ని, ప్రవాహాన్ని ఇంత సులువుగా బోధించిన ఫిజిక్స్ విభాగం కృషి అత్యంత ప్రశంసనీయం. వారికి కొత్త మోటారు మంజూరు చేయవలసింది. ఎకనామిక్స్ విభాగపు ప్రదర్శన మాకు కనిపించలేదు."

ఫిజిక్స్ ఆయన నాకు స్వీటు పెట్టాడు. తిన్నాను.

ఆగస్టు 21

ఎండ లేదు. అయినా అన్నం సహించలేదు. ఇక ఎండమీద తొయ్యను. బాధగా ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున తలుపు తీస్తే కామర్స్ ఆయన. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"సార్, నిన్న ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి చెప్పేశాను. మిమ్మల్ని నా కింద వెయ్యొద్దని. వేస్తే హెడ్ పదవి నాకొద్దని."

"అదేంటయ్యా?"

"మీకు నేను టైంటేబుల్ ఎలా ఇస్తాను సార్? మీరు నవ్వుతూ తీసుకుంటారు. లోపల్లోపల నాలుగు శతాబ్దాల నుంచి మొదలుపెట్టి నన్ను తిట్టుకుంటారు. ఈ కలపడం మాట పుట్టినప్పట్నుంచీ నాకు బీపీ."

"ఏ డాక్టరు?"

చెప్పాడు. నా డాక్టరే. డైరీ రాయమన్నాడట. నా గురించి ఏం రాసుకున్నాడో అడగలేదు. మంచి టీ ఇప్పించాను.

కలపడం ఆగింది. మమ్మల్ని మెచ్చుకుని ఎవరూ ఆపలేదు, తీసుకునేవాళ్ళు లేక మిగిలిపోయాం. పోనీ, మిగిలాం.

ఆగస్టు 25

యంత్రం కింది అంతస్తుకి మారింది. ఓనర్‌గారే అడిగి తీసుకున్నారు, అద్దెకు ఉంచుకుంటానన్నారు. నేను డబ్బు వద్దన్నాను. హాలు ఖాళీ అయింది.

సాయంత్రం మా ఆవిడ ఖాళీ నేలమీద గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. బకెట్లెత్తిన రోజు పట్టేసిన భుజం ఇంకా నొప్పిగానే ఉందట. మందు రాస్తున్నాను.

"ఏవండీ, ఒకటడుగుతాను. అందరూ పొదుపు చేస్తే అందరూ పేదవాళ్ళవుతారని ఆరోజు ఓనర్‌గారి మీద అరిచారు కదా?"

మా పెళ్ళయ్యాక నా సబ్జెక్టు గురించి తను అడిగిన మొదటి ప్రశ్న. గొంతు సవరించుకున్నాను.

"మరి ఇన్నేళ్ళూ నేను చేసిందేమిటి? రిక్షా ఎక్కకుండా నడిచాను. చిరిగితే కుట్టుకున్నాను. అలా దాచాను కాబట్టే కదా అమ్మకి ఆపరేషన్ చేయించగలిగాం. అది తప్పా?"

"తప్పు కాదు. ఒక ఇంటికి ఒప్పయింది, ఇళ్ళన్నీ ఒకేసారి చేస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. తరగతిలో ఈ వాక్యం ఎన్నిసార్లు చెప్పానో! ఎదురుగా ఆ ఇల్లే కూర్చుని అడిగితే పూర్తి చెయ్యడం రాలేదు. "ఆ రెండూ ఎలా కలుస్తాయో నాకూ సరిగ్గా తెలియదు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. "తెలియదన్న మాట మీ నోట వినడం ఇదే మొదలు," అంది. "అయితే ఆదివారం నాకో మంచి చెప్పుల జత కొనిపెట్టండి. దేశం కోసం."

ఆగస్టు 31, ఆదివారం

చెప్పుల దుకాణానికి వెళ్ళాం. ఆమె ఒక జత వేసుకుని అటూ ఇటూ నడిచి, అద్దంలో పాదాలు చూసుకుంది. దుకాణం ఆయన ధర చెప్పాడు. కిమ్మనకుండా ఇచ్చేసింది. నేను నిర్ఘాంతపోయాను. దుకాణం ఆయన కూడా. చిల్లర లెక్కపెట్టడం మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు.

ఆ తర్వాత మెత్తటి అట్ట ఉన్న ఇంకో జత చేతిలోకి తీసుకుంది. ఆయన ధర చెప్పగానే అందులో సగం అడిగింది. ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె బయటికి నడిచింది. ఆయన వెనక్కి పిలిచాడు. కుట్టు వంకరగా ఉందని చూపించింది. ఆయన పైకప్పు వంక చూశాడు. మళ్ళీ బయటికి నడిచింది, మళ్ళీ పిలిచాడు. నేను బల్లమీద కూర్చుని, మధ్యలో కునుకు కూడా తీశాను. లేచేసరికి సగానికి ఇంకాస్త తక్కువకే బేరం తెగింది.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "మొదటి జతకి నోరెత్తలేదు, దీనికింత యుద్ధమేంటి?"

"అది దేశం కోసమండీ," అంది, రెండో జత సంచిలో సర్దుతూ. "ఇది మా అమ్మకి."